తలుపు తట్టడం నేర్పుదాం

(సొసైటీ వార్షిక సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సభలో మేము లెక్క చెబుతాం. ఎందరికి ఫీజులు కట్టాం, ఎందరికి హాస్టల్ ఖర్చు ఇచ్చాం, ఎవరెవరు పాసయ్యారు అని. ఆ లెక్కంతా ఈ సంచికలో వేరే పేజీల్లో ఉంది. ఈరోజు మేము మాట్లాడదలచుకున్నది ఆ లెక్కల్లో ఇంకా పద్దు లేని ఒక విషయం.

మీ సాయంతో ఎమ్మెస్సీ, ఎంటెక్ చదివిన పిల్లల్లో కొందరు ఇప్పుడు పీహెచ్‌డీ దాకా వచ్చారు, అల్హందులిల్లాహ్. వీళ్లలో చాలామంది తమ ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ వాళ్లే. తండ్రి టైలరో, ఆటో డ్రైవరో, పండ్ల బండి పెట్టుకున్నవాడో. తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. ఈ పిల్లలకు మార్కులున్నాయి, కష్టపడే గుణం ఉంది. లేనిదల్లా ఒకటే. ఆ లోకంలో తెలిసినవాళ్లు లేరు.

డాక్టరు గారి అబ్బాయికి వైద్యవృత్తి సంగతులు సగం భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. వ్యాపారి కొడుక్కి కొట్లో కూర్చుంటేనే బజారు పోకడ తెలుస్తుంది. ఒక ప్రొఫెసరు గారి అమ్మాయికి ఏ ల్యాబులో చోటు ఖాళీ కాబోతోంది, ఏ దేశంలో ఏ నెలలో దరఖాస్తు పెట్టాలి, ఎవరికి ఎలా రాయాలి అన్నది ఇంట్లోనే తెలుస్తుంది. మన పిల్లలకు అది చెప్పేవాళ్లెవరు? మన దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి విదేశీ ప్రొఫెసర్లకు అరవైకి పైగా ఈమెయిళ్లు పంపింది. ఒక్క జవాబూ రాలేదు. తన చదువు తక్కువదని అనుకుని ప్రయత్నం మానేయబోయింది. ఆమె ఉత్తరం తీసి చదివితే లోపం చదువులో లేదు. అరవై మందికీ ఒకే ఉత్తరం, ప్రతి వాక్యంలో ‘రెస్పెక్టెడ్ సర్’. వాళ్లు చేస్తున్న పని గురించి ఒక్క ముక్క లేదు. తలుపు ఎలా తట్టాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు, అంతే.

ఈ తలుపు తట్టే విద్య గురించే ఈ ప్రసంగం. ఇంగ్లీషులో దీన్ని నెట్‌వర్కింగ్ అంటున్నారు. పేరు కొత్తదే కానీ పని మనకు కొత్త కాదు.

పరిచయం మన సంప్రదాయమే

ఉర్దూలో పరిచయాన్ని ‘తఆరుఫ్’ అంటాం. సూరా హుజురాత్ 13వ ఆయత్‌లో జాతులు, తెగల ప్రస్తావన వచ్చిన చోట ఆ మాట మూలం కనిపిస్తుంది. మనుషుల్లో ఇన్ని తేడాలు ఉన్నది ఒకరినొకరు ఎరగడానికేనని ఉలమాలు మనకు ఎన్నోసార్లు వివరించారు.

హబషా వలస సంగతి మీకందరికీ తెలుసు. మక్కాలో హింస భరించలేక కొందరు ముస్లింలు సముద్రం దాటి క్రైస్తవ రాజు నజాషీ రాజ్యానికి వెళ్లారు. వాళ్లను తిరిగి అప్పగించమని ఖురైషులు కానుకలతో రాయబారులను పంపారు. పరాయి దేశం, పరాయి భాష, పరాయి మతం. ఆ దర్బారులో ముస్లింల తరఫున లేచి మాట్లాడినవారు హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి). ఆయన ఏం చేశారో గమనించండి. తాము ఇదివరకు ఎలా బతికామో చెప్పారు. ప్రవక్త (స) వచ్చి ఏం నేర్పారో చెప్పారు. ఈ రాజ్యానికే ఎందుకు వచ్చామో చెప్పారు. దైవవాణి వినిపించమని రాజు అడిగితే సూరా మర్యమ్ చదివారు. ఎదుటివారికీ తమకూ ఉమ్మడిగా ఉన్న చోటు నుంచి మొదలుపెట్టారు. మర్నాడు ఈసా (అ) గురించి ఇబ్బందికరమైన ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం తమ విశ్వాసాన్ని దాచుకోలేదు, ఉన్నదున్నట్టు చెప్పారు. రాజు వాళ్లకు ఆశ్రయమిచ్చాడు.

నేను ఎవరిని, ఏం చేస్తున్నాను, మీ దగ్గరికే ఎందుకు వచ్చాను. ఈ మూడింటినీ క్లుప్తంగా, అబద్ధం లేకుండా, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడమే పరిచయ విద్య. ఈనాటి యువ పరిశోధకుడికి కావలసిందీ అదే.

ఇంకొక సంగతి. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)ను యూదుల లిపి నేర్చుకోమని మహాప్రవక్త (స) ఆదేశించారని, ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకుని ఉత్తర ప్రత్యుత్తరాలు చూసేవారని ఉల్లేఖనాలున్నాయి. ఎదుటివారి భాష, ఎదుటివారి పద్ధతి నేర్చుకోవడం మన విశ్వాసానికి తగ్గింపు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

సిఫారసు వేరు, పరిచయం వేరు

‘పరిచయాలతో పని జరిపించుకోవడం అంటే సిఫారసే కదా, అది మన పిల్లలకు నేర్పాలా?’ అని పెద్దలు కొందరు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబుగా ఒక జీవితాన్ని మీ ముందుంచుతాం.

పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమి పిట్టో మేనమామకు తెలియలేదు. ఆయన ఒక పరిచయ ఉత్తరం రాసిచ్చి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ అనే ఇంగ్లీషాయన. పిల్లవాడు భయపడుతూనే తలుపు తీసుకుని లోపలికి వెళ్లాడు. మిల్లర్డ్ ఆ పిట్ట పేరు చెప్పి, తమ దగ్గరున్న పక్షుల నమూనాలన్నీ చూపించారు. అక్కడి నుంచి ఒక జీవితం మలుపు తిరిగింది.

ఆ ఉత్తరం పిల్లవాడికి ఉద్యోగం ఇమ్మని అడగలేదు. ఒక తలుపు చూపించింది, అంతే. లోపలికి నడిచింది అతనే, తర్వాత నేర్చుకున్నదీ అతనే. సిఫారసు అర్హత లేని చోట అర్హత సృష్టించమంటుంది. పరిచయం ఉన్న అర్హతను చూడమంటుంది. మొదటిది ఇంకొకరి హక్కును తింటుంది. రెండోది ఎవరి హక్కునూ తినదు.

ఆయన కథ అక్కడితో అయిపోలేదు. విశ్వవిద్యాలయ డిగ్రీ లేదు. అయినా జర్మనీ వెళ్లి బెర్లిన్ జంతుశాస్త్ర మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెస్‌మాన్ దగ్గర పని నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన ఎర్నెస్ట్ మయర్ పరిచయమైంది ఆ రోజుల్లోనే. 1930లో తిరిగొచ్చేసరికి బొంబాయి మ్యూజియంలో ఆయన చేస్తున్న ఉద్యోగాన్నే తీసేశారు. కుంగిపోలేదు. సంస్థానాల్లో పక్షుల సర్వే చేసిపెడతానని ముందుకొచ్చారు. అలా మన హైదరాబాద్ సంస్థానం అడవుల్లో కూడా తిరిగి పక్షుల లెక్క తేల్చారు.

హ్యూ విస్లర్ అనే బ్రిటిష్ నిపుణుడి రాతలో ఒక పొరపాటును సలీం అలీ ఎత్తిచూపారు. ఎవరో తెలియని ఒక భారతీయుడు తన తప్పు పట్టడమా అని విస్లర్‌కు మొదట కోపం వచ్చింది. తర్వాత ఆయనే నమూనాలు మళ్లీ చూసి, తప్పు ఒప్పుకుని, సలీం అలీకి ఆప్తమిత్రుడయ్యారు. హైదరాబాద్ సర్వే నివేదికకు విస్లర్ వ్యాఖ్యలు తోడయ్యాయి. ఆధారం చేతిలో పెట్టుకుని మర్యాదగా విభేదిస్తే స్నేహం పుట్టవచ్చు. పెద్దల ముందు నోరెత్తకూడదని పెరిగిన మన పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

దూరపు పరిచయాల బలం

1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక వ్యాసం రాశారు. బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగారు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా కలిసేవాళ్లమని చెప్పినవారు నూటికి 17 మంది కూడా లేరు. ఎప్పుడో అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు 55 మందికి పైగా. చాలా అరుదుగా కలిసేవాళ్లమన్నవారు దాదాపు 28 మంది.

కారణం ఆలోచిస్తే తేలికే. మన దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు కొత్త మనిషి దగ్గరే ఉంటుంది. విదేశాలకు వెళ్లిన మన పిల్లలు ఒకే అపార్టుమెంటులో మనవాళ్లతోనే ఉండి, మనవాళ్లతోనే తిని, మనవాళ్లతోనే మాట్లాడతారు. ఆదివారం బిర్యానీ కలిసి వండుకోవడం మంచిదే. పరాయి ఊళ్లో జ్వరం వస్తే చూసేది వాళ్లే. కానీ ఆ గదిలో అందరికీ తెలిసినవి అవే నాలుగు కబుర్లు. పక్క ల్యాబులో పనిచేసే బ్రెజిల్ అమ్మాయికో, కొరియా అబ్బాయికో తెలిసింది ఆ గదిలోకి రాదు.

పిల్లలకు నేర్పవలసినవి

మొదటిది ఉత్తరం. ప్రొఫెసరుకు రాసే ఈమెయిలు పది పన్నెండు వాక్యాలకు మించకూడదు. ఆయన లేదా ఆమె రాసిన వ్యాసం ఒకటి నిజంగా చదవాలి. దానిమీద తనకు వచ్చిన ఒక ప్రశ్న రాయాలి. తాను ఏం చేశాడో రెండు వాక్యాల్లో చెప్పాలి. ఏం కావాలో స్పష్టంగా అడగాలి. అడగనిదే అమ్మైనా పెట్టదని మన సామెత. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తు చేయాలి. అప్పటికీ జవాబు లేకపోతే మనసు కష్టపెట్టుకోకుండా ఇంకొకరికి రాయాలి. ఇందాక చెప్పిన అమ్మాయి ఆ తర్వాత ఎనిమిది ఉత్తరాలే రాసింది. ఒక్కో ఉత్తరానికి రెండేసి రోజులు కూర్చుంది. మూడు జవాబులు వచ్చాయి. వాటిలో ఒకటి ‘మా దగ్గర ఖాళీ లేదు కానీ ఫలానా వారికి రాయండి’ అని. ఆ ఫలానా వారి దగ్గరే ఇప్పుడు ఆమె పనిచేస్తోంది.

రెండవది పిలుపు. మనకు సర్, మేడమ్ అనకపోతే నోరు రాదు. అమెరికాలో, నెదర్లాండ్స్‌లో ప్రొఫెసరే తనను పేరుపెట్టి పిలవమంటాడు. జర్మనీలో మొదటి ఉత్తరంలోనే పేరుపెట్టి రాస్తే చనువు ఎక్కువైనట్టు లెక్క, అక్కడ బిరుదు రాయాలి. జపాన్‌లో గురువును ‘సెన్‌సెయ్’ అంటారు. విజిటింగ్ కార్డును రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో తీసుకుని, ఒకసారి చదివి గాని పక్కన పెట్టరు. ఏది సరి అన్న ప్రశ్న లేదు. ఏ ఊరి మర్యాద ఆ ఊరిది. తెలియనప్పుడు ఎక్కువ గౌరవంతో మొదలుపెట్టి, వాళ్లు తగ్గించమంటే తగ్గించడం మేలు.

మూడవది సూటి మాట. డచ్చివాళ్లు, జర్మన్లు ‘ఈ పద్ధతి తప్పు’ అని మొహం మీదే చెబుతారు. మన పిల్లవాడు దాన్ని అవమానం అనుకుని రాత్రంతా నిద్రపోడు. వాళ్ల లెక్కలో అది సాయం. ఇంకో చోట ‘ఆలోచిద్దాం’ అన్న మాటకు ‘కుదరదు’ అని అర్థం ఉండవచ్చు. మన ఇళ్లలోనూ ‘చూద్దాం లెండి’ అంటే ఏమిటో మనకు తెలియదా? అదే.

నాలుగవది మన పేర్లు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మన పిల్లలకు పెద్ద చిక్కు. మన జిల్లాల్లో షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ అన్నవి పేరుకు ముందు రాస్తాం. విదేశీ పత్రికలు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. ఒక వ్యాసంలో ఒకరకంగా, ఇంకో వ్యాసంలో ఇంకోరకంగా పడుతుంది. పైగా షేక్ అన్న ఒక్క మాటకే ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులు. పదో తరగతి మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో మరొకటి. చివరికి ఒకే మనిషి రాసిన నాలుగు వ్యాసాలు నలుగురు రాసినట్టు కనిపిస్తాయి. వేరే షేక్ రాసినవి వచ్చి ఇతని ఖాతాలో చేరతాయి. దీనికి మందు ఉంది. మొదటి వ్యాసం నాడే ఒక స్పెల్లింగు ఖాయం చేసుకోవాలి. 2012 నుంచి ‘ఆర్కిడ్’ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్యను పరిశోధకులకు ఉచితంగా ఇస్తున్నారు. అది తీసుకుంటే పేర్లు ఎన్ని కలిసినా మనిషి కలవడు.

ఐదవది ఇచ్చిన మాట. సదస్సులో ఎవరైనా ‘ఆ వివరాలు పంపగలరా?’ అంటే ‘తప్పకుండా’ అని వచ్చేస్తాం. ఇంటికి వచ్చాక మరచిపోతాం. రెండు మూడు రోజుల్లోపు పంపాలి. కలిసినందుకు ఒక ధన్యవాదం రాయాలి. మాట అమానత్ అని మనకు వేరే చెప్పనక్కరలేదు. చేయి చాచడానికే పరిచయాలు కాదన్నది కూడా పిల్లలకు చెప్పాలి. ఎదుటివారి లెక్కల్లో సాయపడడం, వాళ్లకు పనికొచ్చే వ్యాసం కనిపిస్తే పంపడం, కొత్తగా వచ్చిన విద్యార్థికి దారి చూపడం, ఇవన్నీ ఇచ్చేవే. ఇచ్చే చేతికి గౌరవం ఎక్కువ.

దీన్ వదలకుండానే

తల్లిదండ్రుల మనసులో ఉన్న భయం మాకు తెలుసు. ఈ పరిచయాల పేరుతో పిల్లలు నమాజు మరచిపోతారేమో, మద్యం బల్లల దగ్గర కూర్చోవలసి వస్తుందేమో, ఆడపిల్లలకు ఇబ్బంది అవుతుందేమో.

విదేశీ సదస్సుల్లో సాయంత్రం విందుల్లో మద్యం ఉండడం మామూలే. అక్కడ కూర్చోవచ్చా లేదా అన్నది పిల్లలు ఉలమాలను అడిగి, తమ మనస్సాక్షి ప్రకారం నడుచుకోవాలి. మేము చెప్పేది ఒకటే. పరిచయాలకు ఆ విందు ఒక్కటే చోటు కాదు. పొద్దున్న టీ, మధ్యాహ్నం భోజనం, పోస్టర్ల దగ్గర నిలబడే గంట, వీటిలోనే అసలు మాటలు జరుగుతాయి. రాత్రి విందు మానుకున్నవాడు పొద్దున్న అరగంట ముందు వెళితే సరిపోతుంది. నమోదు పత్రంలో ఆహారం గురించి అడిగే చోట హలాల్ అనో శాకాహారం అనో ముందే రాయాలి. అక్కడికి వెళ్లి ఆకలితో ఉండడం ఎందుకు? నమాజుకు ఒక ఖాళీ గది కావాలని నిర్వాహకులకు ముందే రాస్తే చాలాచోట్ల ఇస్తారు. పరాయి స్త్రీతోనో పురుషుడితోనో చేయి కలపడం ఇష్టం లేనివారు గుండె మీద చేయి పెట్టి, చిరునవ్వుతో తల వంచి, ‘మా ఆచారం ఇది’ అని ఒక్క మాట చెబితే ఎదుటివారు అర్థం చేసుకుంటారు. మొహం తిప్పుకుంటేనే అపార్థం. రమజాన్‌లో ఉపవాసం ఉన్నామని చెబితే చాలామంది ఆసక్తిగా అడుగుతారు కూడా. అది కూడా తఆరుఫే.

ఇలా తన విలువలు వదలకుండా పరాయి నగరంలో స్నేహాలు సంపాదించినవారు మన గడ్డ మీదే పుట్టారు. జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాద్‌లో జన్మించారు. బెర్లిన్‌లో డాక్టరేట్ చేశారు. అక్కడే ఆబిద్ హుసేన్, మొహమ్మద్ ముజీబ్ కలిశారు. ముగ్గురూ 1926లో తిరిగొచ్చి, మూతపడే స్థితిలో ఉన్న జామియా మిల్లియాను నిలబెట్టారు. బెర్లిన్‌లో పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ ఆ స్నేహాన్ని తలచుకుని మన దేశానికి వచ్చి, 1933 నుంచి జామియాలో చిన్నపిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అన్నారు. ఆమె సమాధి జామియా ఖబరస్తాన్‌లోనే ఉంది. చదువుకోవడానికి వెళ్లినప్పుడు కుదిరిన ఒక పరిచయం ఒక విద్యాసంస్థకు తల్లిలాంటి మనిషిని తెచ్చిపెట్టింది. జాకిర్ సాహెబ్ 1967లో రాష్ట్రపతి కావడం అందరికీ గుర్తుంది. ఈ బెర్లిన్ స్నేహాలు కూడా గుర్తుంచుకోదగినవే.

దాతలతో మా మనవి

ఇప్పుడు మీతో నేరుగా మాట్లాడతాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరు వినే ఉంటారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆయన విదేశీ చదువుకు సాయం చేసింది. సత్యలింగం గారు బర్మా వెళ్లి సంపాదించి, ఆ సొత్తును ధర్మానికి రాసినవారు. తన డబ్బుతో ఎవరు ఏ దేశం వెళతారో ఆయనకు తెలియదు. ఆ కుర్రవాడు హార్వర్డ్ చేరాడు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. ఒక ఊరి ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ము ఎంత దూరం పోతుందో ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

మన పిల్లల పరిస్థితి ఈమధ్య ఇంకొంచెం కష్టమైంది. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ మైనారిటీ పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉండేది. 2022-23 నుంచి కేంద్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మిగిలిన ఫెలోషిప్‌ల కోసం అందరితో పాటు పోటీ పడాలి. పోటీలో చదువుతో పాటు ఎవరి దగ్గర పనిచేశాడు, ఎవరు అతని గురించి రాస్తారు అన్నదీ చూస్తారు.

‘వితంతువులకు రేషన్ ఇవ్వవలసి ఉండగా కాన్ఫరెన్సులకు డబ్బా?’ అని కార్యవర్గంలోనే ఒక పెద్దాయన అడిగారు. ఆయన అడిగింది సరైన మాట. అందుకే మా ప్రతిపాదన ఇది. రేషన్, పింఛను, వైద్యం పద్దుల్లోంచి ఒక్క రూపాయి తీయకూడదు. జకాత్ సొమ్ము దీనిలో కలపకూడదు. జకాత్ ఎవరికి చెల్లుతుందో చెప్పవలసింది ఉలమాలు. ఈ పనికి ఇష్టపడి ఇచ్చే సదఖా, విరాళాలతోనే వేరే ఖాతా తెరుద్దాం. ఒకటి మాత్రం ఆలోచించండి. ఆ వితంతువు కొడుకు నిలదొక్కుకుంటే ఆమె రేషన్ క్యూలో నిలబడవలసిన రోజులు తగ్గుతాయి.

ఆ ఖాతాతో ఏం చేయాలి?

మొదట దగ్గరి నుంచి మొదలుపెడదాం. విమానం ఎక్కితేనే పరిచయమా? హైదరాబాద్‌లోనే సీసీఎంబీ ఉంది, ఐఐసీటీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. ఇక్రిశాట్‌లో ఎన్నో దేశాల శాస్త్రవేత్తలు పనిచేస్తారు. కడప నుంచో కర్నూలు నుంచో వచ్చే పిల్లవాడికి రైలు చార్జీ, రెండు రాత్రుల బస ఇస్తే అక్కడ జరిగే ఒక సెమినార్ వినగలుగుతాడు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి విద్యార్థులకు వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తున్నాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయవచ్చు. దాని దరఖాస్తు ఎలా నింపాలో చూపించే మనిషి కావాలి, అంతే.

రెండవది, నెలకు ఒక సాయంత్రం మన హాలులో అభ్యాసం. ఒక్కో విద్యార్థి తన పని గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి. మొదట తెలుగులోనో ఉర్దూలోనో, తర్వాత ఇంగ్లీషులో. తన అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు ప్రపంచానికీ చెప్పగలడు.

మూడవది, మీ సమయం. దమ్మామ్‌లో, చికాగోలో, లండన్‌లో ఉన్న మన దాతల పిల్లలు ఎందరో. నెలకు ఒక గంట ఫోనులో ఒక విద్యార్థి ఉత్తరం చదివి సరిదిద్దితే అది చెక్కు రాసినంత దానం. మన సమాజంలో పనిచేసే హిందూ, క్రైస్తవ మిత్రుల్లోనూ ఇలా సాయం చేసేవాళ్లున్నారు. వాళ్లను కూడా పిలుద్దాం. దూరపు పరిచయాల బలం ఇందాకే చెప్పుకున్నాం కదా.

నాలుగవది ఆడపిల్లలు. పీహెచ్‌డీ దాకా వచ్చిన మన పిల్లల్లో అమ్మాయిలు ఉన్నారు. ప్రయాణం దగ్గరే ఆగిపోతున్నారు. తోడుగా తండ్రో అన్నో వెళ్లాలంటే ఖర్చు రెట్టింపు. ఆ రెండో టికెట్టు కూడా ఈ ఖాతా నుంచే ఇద్దాం. వెళ్లే ఊళ్లో తెలిసిన మంచి కుటుంబం ఇంట్లో బస చూద్దాం. కుదరనప్పుడు ఆన్‌లైన్‌లో పాల్గొనడానికి రుసుము కడదాం. పంపడం ఇష్టమేనని, భద్రతే కావాలని తల్లిదండ్రులు మాతో అన్నారు. భద్రత మనం చూపగలిగితే చాలు.

ఐదవది జాగ్రత్త. ఈమెయిలులో ‘గౌరవ ఆహ్వానం’ అని రాసి, రుసుము మాత్రం ముందే కట్టించుకునే బోగస్ సదస్సులు ఇప్పుడు చాలా ఉన్నాయి. నిర్వాహకులెవరు, విద్యార్థి గైడు ఏమంటున్నారు అని చూసుకోకుండా ఈ ఖాతా నుంచి రూపాయి ఇవ్వం. మీ సొమ్ము మా దగ్గర అమానత్.

ఆరవది షరతు. వెళ్లొచ్చిన ప్రతి విద్యార్థి ఎవరెవరిని కలిశాడో, ఏం నేర్చుకున్నాడో ఒక పేజీ రాసి ఇవ్వాలి. తన వెనుక వస్తున్న ఇద్దరికి ఆ దారి చూపాలి. అప్పుడే మీరిచ్చింది ఒకరితో ఆగిపోకుండా సదఖయె జారియాగా ప్రవహిస్తుంది.

వెనుక వరుసల్లో కూర్చున్న మా పిల్లలకు ఒక్క మాట. మీకు తెలిసినవాళ్లు లేరని సిగ్గుపడకండి. ఈరోజు పెద్దలుగా ఉన్నవాళ్లలో చాలామందికి ఒకనాడు ఎవరూ తెలియదు. భోజనాలకు లేచినప్పుడు మీకు పరిచయం లేని ఒక పెద్దవారి దగ్గరికి వెళ్లి సలాం చెప్పి, మీరు ఏం చదువుతున్నారో చెప్పండి. దాతలారా, ఆ పిల్లవాడు మీ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆగి వినండి. విరాళం రసీదు పుస్తకం ఎప్పటిలాగే కోశాధికారి బల్ల మీద ఉంటుంది. దాని పక్కనే ఇంకో పుస్తకం పెట్టాం. అందులో మీ పేరు, మీ వృత్తి, నెలకు ఇవ్వగలిగిన గంటలు రాయండి.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దాన్ని నలుగురితో పంచుకునే మనసును ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించి, మీ ఇళ్లలో బరకత్ నింపుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.